ముందు మాటలు వినపడాలి, బాంబుల సంగతి తర్వాత

ప్రశ్న: మాది ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తు ఫ్లాటు. హాలు 17 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు. పొడవాటి గోడకి 55 అంగుళాల టీవీ, ఎదుటి గోడకి ఆనించి సోఫా. ఎడమవైపు బాల్కనీ అద్దాల తలుపు, కుడివైపు గోడ లేదు, డైనింగ్‌లోకి కలిసిపోతుంది. మొదటిసారి హోం థియేటర్ కొందామనుకుంటున్నాం. 80 వేలు దాటకూడదు. షాపతను ఏడు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ ఉన్న సెట్ చూపించాడు. వెయ్యి వాట్లట. అందులో ముందు పెట్టే రెండూ నడుమెత్తు స్పీకర్లు. మావారికి అదే నచ్చింది. నా బాధ వేరు. మా అత్తయ్యగారికి టీవీలో మాటలు వినపడవు, సౌండ్ పెంచమంటారు. పెంచగానే ఫైటొస్తుంది, మూడేళ్ల బాబు ఉలిక్కిపడి లేచి ఏడుస్తాడు. సినిమా అయ్యేదాకా రిమోట్ పట్టుకుని పెంచడం, తగ్గించడమే నా పని. ఏం కొనమంటారు?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ఏం కొనాలో మీ ఉత్తరంలో మీరే రాసేశారు. అత్తయ్యగారికి మాటలు వినపడట్లేదంటే మీకు కావలసింది మంచి సెంటర్ స్పీకర్. మిగతావన్నీ దాని తర్వాతే.

సినిమాకి 5.1 సౌండ్ (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) కలిపేటప్పుడు డైలాగుల్లో చాలా భాగం మధ్య స్పీకర్‌కే ఇస్తారు. సంగీతం ఎక్కువగా కుడిఎడమలకి, వానచప్పుడు, జనం గోల పక్క స్పీకర్లకి పోతాయి. మీ టీవీకి మధ్య స్పీకర్ లేదు కాబట్టి అన్నిటినీ కలిపి తనకున్న రెండు చిన్న స్పీకర్లలోకి తోసేస్తుంది. చాలా టీవీల్లో అవి కూడా కిందికో, గోడవైపుకో తిరిగి ఉంటాయి. మాట ముందు టీవీ యూనిట్‌కి, గోడకి తగిలి ఆ తర్వాత మీదాకా వస్తుంది. దీనికి తోడు వయసు పైబడుతున్నకొద్దీ చెవి ముందుగా పోగొట్టుకునేది సన్నటి శబ్దాల్ని. స, శ, ఫ, త లాంటి హల్లులు జారిపోతాయి, అచ్చులు మిగులుతాయి. 'మాట్లాడుతున్నారని తెలుస్తోంది గానీ ఏం మాట్లాడుతున్నారో తెలీట్లేదమ్మా' అని పెద్దవాళ్లు అనేది అందుకే. (ఒకసారి చెవుల డాక్టరుకి కూడా చూపించండి. స్పీకర్ చేసే పని స్పీకర్ చేస్తుంది, అంతే.)

ఏడు స్పీకర్ల సెట్ మీ హాల్లో పట్టదు. డబ్బు సంగతి అటుంచండి, చోటే లేదు. 7.1లో అదనంగా వచ్చే రెండు స్పీకర్లు మీ వెనక ఉండాలి. మీ సోఫా వెనక ఉన్నది గోడ. షాపతను ఆ రెండింటినీ మీ తల మీదుగా మేకుకి తగిలించి వెళ్లిపోతాడు. తర్వాత హెలికాప్టర్ వచ్చినప్పుడల్లా మీ కుడి చెవిలో ఒకటే రొద. ఇలా తగిలించినవాటిని సీతమ్మధారలోనూ అక్కయ్యపాలెంలోనూ చాలా ఇళ్లలో నేనే విప్పాను. కాబట్టి 7.1 మాట మర్చిపోండి. ఇప్పటికి ముందు మూడు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ చాలు. రిసీవర్ (సౌండ్‌ని విడదీసి స్పీకర్లకి పంచి ఇచ్చే పెట్టె) మాత్రం 5.1కి పనికొచ్చేది తీసుకోండి. వచ్చే ఏడాదో ఆపై ఏడాదో రెండు చిన్న స్పీకర్లు కొని సోఫా రెండు చివరలకి అవతల, వెనక గోడ మీద, చెవులకి ఒకటిన్నర రెండడుగుల ఎత్తున పెట్టుకోవచ్చు. వాటి వైర్లు మాత్రం ఇప్పుడే కేసింగ్‌లో వేయించేయండి. రెండోసారి ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి సోఫాలు జరిపించే పని తప్పుతుంది.

ఇప్పుడు సెంటర్ స్పీకర్ సంగతి. షాపుల్లో ఎక్కువగా కనపడేది అడ్డంగా పడుకోబెట్టిన పెట్టె, మధ్యలో సన్నటి శబ్దాలు పలికే చిన్న ట్వీటర్, దానికి అటొకటి ఇటొకటి రెండు పెద్ద కోన్‌లు. చూడ్డానికి బాగుంటుంది. ఎదురుగా కూర్చున్నవాళ్లకి బాగానే వినపడుతుంది కూడా. చిక్కల్లా పక్కకి జరిగితేనే. రెండు కోన్‌లూ ఒకే మాటని పలుకుతుంటాయి. పక్కన కూర్చున్నవాళ్లకి ఒకదాని శబ్దం కాస్త ముందు, రెండోదాని శబ్దం కాస్త వెనక అందుతుంది. ఆ తేడాకి మాటలో కొంత భాగం ఒకదాన్నొకటి చంపేసుకుంటుంది. మీ ఇంట్లో సోఫా నట్టనడుమ కూర్చునేదెవరో నాకు తెలీదు గానీ, అత్తయ్యగారు మాత్రం ఫ్యాన్ గాలి తగిలే చివర్న కూర్చుంటారని పందెం వేస్తాను. మాట సరిగ్గా చేరాల్సింది ఆ చివరికే. అందుకని ట్వీటర్ కింద ఇంకో చిన్న కోన్ ఉన్న మూడు భాగాల సెంటరో, కోన్ నడిబొడ్డులోనే ట్వీటర్ ఉండే రకమో అడగండి. రెండూ బడ్జెట్‌కి అందకపోతే, కుడిఎడమలకి కొనే బుక్‌షెల్ఫ్ (అరలో పట్టేంత చిన్న) స్పీకర్ లాంటిదే ఇంకొకటి విడిగా ఇస్తారేమో అడిగి నిలువుగా పెట్టండి. టీవీ కింద చోటుంటే అంతకంటే మంచిది లేదు. ఎలాగైనా ఆ మూడూ ఒకే కంపెనీ, ఒకే సిరీస్ కావాలి. లేకపోతే హీరో ఎడమనుంచి కుడికి నడిచేసరికి గొంతు మారిపోతుంది.

షాపుకి అత్తయ్యగారిని తీసుకెళ్లండి. డాబా గార్డెన్స్ ట్రాఫిక్‌లో అంత దూరం ఎందుకులే అనుకోకండి, ఈ కొనుగోలులో జడ్జి ఆవిడే. షాపతను విమానాలు పేలే సీను పెడతాడు. అది వద్దని చెప్పి వార్తలు పెట్టించండి. ఆ తర్వాత ఇద్దరు ముగ్గురు వంటింట్లో గిన్నెల చప్పుడు మధ్య మాట్లాడుకునే సీనేదైనా పెట్టించండి. ఆవిణ్ణి ఎదురుగా ఓసారి, చివర కుర్చీలో ఓసారి కూర్చోబెట్టండి. మగ గొంతు బీరువాలోంచి మాట్లాడుతున్నట్టు ఉంటే ఆ స్పీకర్ వద్దు. 'స' అన్నప్పుడల్లా చెవిలో గుచ్చుకున్నా వద్దు.

ఇంటికి తెచ్చాక సెంటర్‌ని టీవీ యూనిట్ అర లోపలికి తోసేయకండి. స్పీకర్ మొహం అర అంచుదాకా రావాలి. కింద రెండు రబ్బరు బుడిపెలు పెట్టి మొహం కాస్త పైకి, కూర్చున్నవాళ్ల చెవుల వైపు తిప్పండి. కుడిఎడమ స్పీకర్ల మధ్య 8 నుంచి 9 అడుగుల దూరం ఉంచండి. సోఫా వాటికి సుమారు 9 అడుగుల దూరంలో ఉంది కాబట్టి లెక్క సరిపోతుంది. నడుమెత్తువి మాత్రం వద్దే వద్దు. మూడేళ్ల పిల్లాడున్న ఇల్లు, పట్టుకుని లాగితే మీద పడతాయి. బుక్‌షెల్ఫ్ స్పీకర్లని గోడకి బ్రాకెట్ల మీద, ట్వీటర్ చెవి ఎత్తుకి వచ్చేలా పెట్టించండి. గోడకి దగ్గరగా ఉంటాయి కాబట్టి గాలి రంధ్రం వెనక ఉన్నవాటికంటే ముందున్నవి నయం. ముందు గుడ్డ జాలీ ఎప్పుడూ తీయకండి. ట్వీటర్ బుడిపె కనపడితే పిల్లల వేలు ఊరుకోదు.

వెయ్యి వాట్ల సంగతీ తేల్చేద్దాం. అట్టపెట్టె మీద పి.ఎం.పి.ఓ. (క్షణకాలం మాత్రం వచ్చే వాట్ల లెక్క) అని ఉంటే ఆ అంకెకి అర్థం లేదు. ఆర్.ఎం.ఎస్. (ఆగకుండా ఇవ్వగలిగే వాట్లు) ఎంతో అడగండి. అంతకంటే ముందు సెన్సిటివిటీ అడగండి. ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో ఎంత గట్టిగా పలుకుతుందో చెప్పే అంకె అది. మామూలుగా 85 నుంచి 90 డెసిబెల్స్ మధ్య ఉంటుంది. 87 ఉన్న స్పీకర్ మీ సోఫా దగ్గర ఒక్క వాటుకే సుమారు 78 డెసిబెల్స్ ఇస్తుంది. మనం ఎదురెదురుగా మాట్లాడుకునేది 60 దగ్గర. పది వాట్లిస్తే 88, అంటే బాబు లేచి కూర్చునే సౌండు. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. ఇక వెయ్యి వాట్లు ఎవరికమ్మా?

సబ్‌వూఫర్ విషయంలో కింద ఫ్లాటువాళ్లని కూడా లెక్కలోకి తీసుకోవాలి. మాటలు గోడ దగ్గర ఆగుతాయి గానీ, ఆ దుం దుం స్లాబులోకి దిగిపోతుంది. 8 అంగుళాలదో 10 అంగుళాలదో చాలు. కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేయండి. మూలలో పెడితే సౌండ్ ఎక్కువ వస్తుంది, ఒకటే మోత కూడా వస్తుంది. మంచి చోటు దొరకడానికి పాత చిట్కా ఒకటుంది. సబ్‌వూఫర్‌ని తెచ్చి సోఫాలో మీరు కూర్చునే చోట పెట్టండి, డప్పులున్న పాటేదైనా వేయండి. మీవారిని టీవీ గోడ పొడుగునా మోకాళ్ల మీద పాకుతూ వినమనండి. దెబ్బ దెబ్బా విడిగా, శుభ్రంగా ఎక్కడ వినపడితే సబ్‌వూఫర్ చోటు అదే. ఆయనకి ఇష్టమైన సెట్ కాదన్నందుకు ఈ మాత్రం పని చెప్పొచ్చు. రిసీవర్‌లో క్రాసోవర్ (ఎంత లోతు శబ్దాల నుంచి సబ్‌వూఫర్‌కి పంపాలో చెప్పే సెట్టింగ్) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి.

మీ రిమోట్ డ్యూటీకి రెండు సెట్టింగులున్నాయి. రిసీవర్‌లో సెంటర్ లెవెల్ 2, 3 డెసిబెల్స్ పెంచండి. రాత్రిపూట నైట్ మోడ్‌ గానీ, డైనమిక్ రేంజ్ అని ఉన్నది గానీ ఆన్ చేయండి. అది పేలుళ్లని కిందికి దించి, గుసగుసల్ని పైకి లాగుతుంది. సినిమా పిచ్చివాళ్లు దీన్ని పాపం అంటారు. అననివ్వండి. జగదాంబ సెంటర్ హాళ్లలో చూసిన సినిమాకీ, పిల్లాడు నిద్రపోయాక ఇంట్లో చూసే సినిమాకీ ఒకే కొలత ఎందుకు?

హాల్లో ఓసారి చప్పట్లు కొట్టి చూడండి. టంగ్‌మని మోగితే ఎంత మంచి స్పీకర్ పెట్టినా మాట మసకబారుతుంది. టైల్స్ నేల, అద్దాల తలుపు ఉన్నాయి కాబట్టి మోగుతుందనే అనుకుంటున్నాను. టీవీకీ సోఫాకీ మధ్య మందపాటి కార్పెట్, అద్దాల తలుపుకి బరువైన కర్టెన్ వేయండి.

మన ఊరికే ప్రత్యేకమైన శత్రువు ఉప్పుగాలి. బీచ్ మీకు దగ్గరే. స్పీకర్ వైరు కొన చెక్కి స్క్రూ కింద బిగించి వదిలేస్తే, రాగి నల్లబడి తర్వాత ఆకుపచ్చ పొడి పడుతుంది. ఒకరోజు కుడి స్పీకర్ గరగరలాడుతుంది, మరోరోజు పలకదు. జనం స్పీకర్ పోయిందనుకుంటారు. వైరు చివరలకి బంగారుపూత బనానా ప్లగ్గులు వేయించండి, ఏడాదికోసారి ఊడదీసి తుడిచి పెట్టండి. వైరు 16 గేజ్, అసలు రాగిదే కావాలి. ఒక పోగు బ్లేడుతో గీకండి, లోపల తెల్లగా మెరిస్తే అది రాగి పూసిన అల్యూమినియం, వద్దనండి. కోన్ అంచు చుట్టూ ఉండే రింగు రబ్బరుదై ఉండాలి. ఫోమ్ అయితే మన ఎండకీ తేమకీ త్వరగా పొడైపోతుంది. రిసీవర్ పైన నాలుగైదు అంగుళాలు ఖాళీ ఉంచండి, అది వేడెక్కే వస్తువు. దాని మీద కుట్టుగుడ్డ పరవకుండా ఆపే బాధ్యత మీదే.

డబ్బు పంపకం నన్నడిగితే: 80 వేలలో సుమారు సగం ముందు మూడు స్పీకర్లకి, మూడో వంతు రిసీవర్‌కి, మిగిలింది సబ్‌వూఫర్‌కీ వైర్లకీ. అంతకీ చాలకపోతే సబ్‌వూఫర్ ఆపండి, సెంటర్‌లో మాత్రం తగ్గకండి.

ప్రశ్న: కొత్త సౌండ్‌బార్ కొన్నాం. హెచ్.డి.ఎం.ఐ. కేబుల్ పెడితే సౌండ్ రాదు, ఆప్టికల్ పెడితే వస్తుంది. అలాగే వాడేయొచ్చా?
– గాజువాక పాఠకుడు

జవాబు: వాడొచ్చు గానీ నష్టపోతారు. ఓటీటీలో వచ్చే డాల్బీ డిజిటల్ ప్లస్, దాని మీద వచ్చే అట్మాస్ (తల మీదినుంచి కూడా శబ్దం వస్తున్నట్టు చేసేది) ఆప్టికల్‌లో పట్టవు. ఎక్కువలో ఎక్కువ మామూలు 5.1 దాకా వెళ్తుంది. టీవీ వెనక ఉన్న హెచ్.డి.ఎం.ఐ. రంధ్రాలన్నీ ఒకటి కాదు. ఏ.ఆర్.సి. అనో ఈ.ఏ.ఆర్.సి. అనో రాసి ఉన్నది (టీవీ సౌండ్‌ని బయటికి పంపేది) సాధారణంగా ఒకటే ఉంటుంది, కేబుల్ దానికే పెట్టాలి. సౌండ్‌బార్ వైపు కూడా అలా రాసి ఉన్నదానికే. తర్వాత టీవీ సెట్టింగుల్లో సి.ఈ.సి. ఆన్ చేయండి (టీవీ, సౌండ్‌బార్ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే సెట్టింగ్ ఇది, కంపెనీకో పేరు పెడతారు దీనికి). ఆడియో అవుట్‌పుట్ పీసీఎం అని ఉంటే ఆటోకో, బిట్‌స్ట్రీమ్‌కో మార్చండి. అప్పటికీ రాకపోతే రెండింటి ప్లగ్గులూ గోడ దగ్గర తీసి కాసేపాగి పెట్టండి.

ప్రశ్న: మా నాన్నగారి పాత పెట్టె స్పీకర్లు రెండున్నాయి. కోన్ అంచులు ముట్టుకుంటే పొడిగా రాలిపోతున్నాయి. వాటిని హోం థియేటర్‌కి వాడుకోవచ్చా, పారేయమంటారా?
– భీమిలి పాఠకుడు

జవాబు: పారేయకండి. రాలిపోతున్నది ఫోమ్ రింగు, అది మార్చుకునే వస్తువే. కొలత చూసి కొత్త రింగు అతికించే మెకానిక్‌లు ఇంకా ఉన్నారు. ఈసారి రబ్బరుది వేయమనండి. వెనక 8 ఓమ్స్ అని రాసి ఉంటే ఏ రిసీవర్‌కైనా నిశ్చింతగా తగిలించొచ్చు. 4 అని ఉంటే రిసీవర్ ఒప్పుకుంటుందో లేదో దాని పుస్తకంలో చూడండి. అయితే మెకానిక్ దగ్గరికి వెళ్లేముందు ఒక పరీక్ష చేయండి. రెండు చేతుల వేళ్లనీ కోన్ మధ్యభాగానికి చుట్టూ సమానంగా ఆనించి, నెమ్మదిగా లోపలికి నొక్కి వదలండి. చప్పుడు లేకుండా వెళ్లొస్తే రింగు వేయించుకోండి. లోపల గరగరమని రాసుకుంటున్నట్టు వినపడితే కాయిల్ (కోన్‌ని కదిపే తీగచుట్ట) దెబ్బతింది. అప్పుడు ముందు కాయిల్ మార్చడానికి ఎంతవుతుందో కనుక్కోండి, ఆ తర్వాతే రింగుకి డబ్బు పెట్టండి.