సరిహద్దు వాణిజ్యం, సౌర మోటార్లు: రైతు సంఘం దేన్ని అడగాలి, ఎవరిని అడగాలి?

పొరుగు దేశాలకు పంట పంపుకునే దారి సులువు కావాలనీ, సభ్యుల బోర్లకు సౌర మోటార్లు రావాలనీ మీ రైతు సంఘం కోరుకుంటోందని, ఈ రెండింటినీ ఒకే వినతిపత్రంలో పెట్టాలా, విడివిడిగా కదలాలా, అసలు వినతిపత్రాలతో ఏదైనా మారుతుందా అని మీరు అడిగారు. ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున పన్నెండేళ్లకు పైగా ఈ రెండు పనుల మీదా తిరిగినదాన్ని కనుక, చూసిందీ చేసిందీ రాస్తున్నాను. విడివిడిగానే అడగండి. అయితే రెండు చోట్లా మీరు పట్టుబట్టవలసింది మాత్రం ఒకే రకమైనది: సరిహద్దు దగ్గర కాగితం మీద రాసిన గడువు, సౌర విద్యుత్తు దగ్గర కాగితం మీద రాసిన ధర. సుంకం ఎక్కువైనందుకూ, ప్యానెళ్ల ఖరీదు భారమైనందుకూ నష్టపోయిన రైతుల కంటే, ఎప్పుడు ఏమవుతుందో తెలియక నష్టపోయిన రైతులనే నేను ఎక్కువగా చూశాను.

విడివిడిగా ఎందుకంటే, అధికారం ఒక్కచోట లేదు. విదేశీ వ్యాపారం, ఎగుమతి దిగుమతులు రాజ్యాంగంలోని కేంద్ర జాబితాలో ఉన్నాయి. వ్యవసాయం, నీరు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. విద్యుత్తు ఉమ్మడి జాబితాలో ఉంది. మా మొదటి వినతిపత్రం నాలుగు పేజీలు. సరిహద్దు, గోదాములు, సౌర మోటార్లు, రుణాలు అన్నీ అందులో ఉన్నాయి. దాన్ని అందుకున్న ప్రతి కార్యాలయమూ తనకు సంబంధించని మూడు పేజీలను చూపించి మరో కార్యాలయానికి పంపింది. ఏడాది తరువాత కూడా మా చేతిలో మర్యాదగా రాసిన జవాబులు తప్ప మరేమీ లేవు. ఆ తప్పు మాదే.

సరిహద్దు సంగతి ఒక లారీతో చెబుతాను. తూర్పు సరిహద్దులోని ఒక తనిఖీ కేంద్రం బయట, బంగ్లాదేశ్‌కు వెళ్లవలసిన పచ్చిమిర్చి లారీ ఒకటి మంగళవారం సాయంత్రం వచ్చి వరుసలో ఆగింది. బుధవారం మధ్యాహ్నానికి క్లీనర్ టార్పాలిన్ ఒక పక్కకు ఎత్తి కట్టి, లోపల చెయ్యి పెట్టి చూసి, "వేడెక్కిందమ్మా" అన్నాడు. నేనూ చెయ్యి పెట్టి చూశాను. పై బస్తాలు బాగానే ఉన్నాయి కానీ, నడిమి వరుసలోని బస్తా మాత్రం జ్వరం వచ్చిన మనిషి ఒళ్లులా కాలిపోతోంది. పచ్చి సరుకు కోసిన తరువాత కూడా ఊపిరి తీస్తూనే ఉంటుంది, గాలి ఆడకపోతే ఆ వేడి లోపలే నిలిచి తొడిమ దగ్గర కుళ్లు మొదలవుతుంది. ఆ లారీ గురువారం మధ్యాహ్నం గేటు దాటింది. అవతలి వ్యాపారి నడిమి బస్తాలకు ధర కోసుకున్నాడు, ఆ కోత చివరికి పండించినవాళ్ల లెక్కలో పడింది.

త్వరగా పాడయ్యే సరుకును ముందు పంపాలన్న ఉత్తర్వు ఆ కేంద్రంలో అప్పటికే ఉంది. మరి ఈ లారీ ఎందుకు ఆగిందో తెలుసుకోవడానికి మాకు మూడు వారాలు పట్టింది. టోకెన్ రాసే రిజిస్టరులో సరుకు పేరు దగ్గర "మిర్చి" అని రాస్తున్నారు. మిర్చి అంటే సుగంధ ద్రవ్యం, అంటే ఎండు సరుకు, అది ఆగినా ఫరవాలేదన్నది అక్కడివాళ్ల లెక్క. కస్టమ్స్ వర్గీకరణలో పచ్చిమిర్చి 7వ అధ్యాయంలో, కూరగాయల కింద, 0709 60 సంఖ్యతో ఉంటుంది. ఎండుమిర్చి 9వ అధ్యాయంలో, 0904 కింద ఉంటుంది. ఎగుమతిదారు కస్టమ్స్‌కు ఇచ్చే షిప్పింగ్ బిల్లులో సంఖ్య సరిగ్గానే ఉంది, వరుస నడిపే రిజిస్టరులోకి మాత్రం అది ఎక్కలేదు. అప్పుడు మేము రెండో వినతిపత్రం రాశాం, ఒక్క పేజీ. రిజిస్టరులో సరుకు పేరుతో పాటు అధ్యాయం సంఖ్య కూడా రాయాలని, 7వ అధ్యాయపు సరుకు ఎన్ని గంటల్లోగా గేటు దాటాలో గోడ మీద రాసి పెట్టాలని అడిగాం. దానికి ఆ లారీతో పాటు మరికొన్ని లారీల రాకపోకల వేళలను, డ్రైవర్ల సంతకాలతో జతచేశాం. సంఖ్య రాయడం నాలుగు నెలల్లో మొదలైంది. గోడ మీది గడువుకు మరో ఏడాది పట్టింది.

అలా అడగడానికి మాకు ఆధారం ఎక్కడ దొరికిందంటే, ప్రపంచ వాణిజ్య సంస్థ వాణిజ్య సౌలభ్య ఒప్పందంలో. 2017 ఫిబ్రవరి 22న అమలులోకి వచ్చిన ఈ ఒప్పందాన్ని భారత్ 2016లోనే ఆమోదించింది. త్వరగా పాడయ్యే సరుకును మామూలు పరిస్థితుల్లో వీలైనంత తక్కువ సమయంలో విడుదల చేయాలని, తనిఖీల వేళ నిర్ణయించేటప్పుడు దానికి తగిన ప్రాధాన్యం ఇవ్వాలని అందులోని 7వ అధికరణం 9వ పేరా చెబుతుంది. ఇదే ఒప్పందం ప్రకారం మన దేశంలో కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన జాతీయ వాణిజ్య సౌలభ్య కమిటీ 2016లో ఏర్పడింది. కొత్త హక్కు ఇవ్వమని ప్రాధేయపడటం వేరు, మీరే సంతకం పెట్టిన మాటను ఈ గేటు దగ్గర అమలు చేయండని అడగడం వేరు. రెండో రకం విన్నపాన్ని తోసిపుచ్చడం ఏ అధికారికైనా కష్టమే.

చీడపీడల తనిఖీ విషయంలోనూ ఇదే పద్ధతి పనిచేస్తుంది. పంట ఏ దేశానికి వెళ్లాలన్నా ఆ దేశపు మొక్కల క్వారంటైన్ నిబంధనల్లో ఆ పంట పేరు, దానికి షరతులు ఉండాలి. మన దేశంలోకి వచ్చేవాటికి 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు, దాని షెడ్యూళ్లు ఆధారం. ఏ ప్రవేశ కేంద్రం గుండా మొక్కల సరుకు రావచ్చో కూడా వాటిలోనే ఉంటుంది. ఏ దేశమైనా ఇలాంటి నిబంధనను కొత్తగా తెచ్చేటప్పుడు ప్రపంచ వాణిజ్య సంస్థకు తెలియజేసి, సాధారణంగా 60 రోజులు అభిప్రాయాలకు అవకాశం ఇస్తుంది. ఆ 60 రోజుల్లో ఒక రైతు సంఘం తన పంట గురించి రెండు పేజీల శాస్త్రీయ సమాచారాన్ని వాణిజ్య శాఖ ద్వారా పంపడం, నిబంధన వచ్చాక పదేళ్లు ధర్నాలు చేయడం కంటే విలువైనదని నా నమ్మకం.

అన్నిటికంటే పెద్ద దెబ్బ మాత్రం రాత్రికి రాత్రి వచ్చే నిషేధాలది. ఉల్లి ఎగుమతిని 2019 సెప్టెంబరులో, మళ్లీ 2020 సెప్టెంబరులో, మళ్లీ 2023 డిసెంబరులో ఆపేశారు. బాస్మతి కాని తెల్ల బియ్యాన్ని 2023 జులై 20న ఆపేశారు. దేశంలో ధరలు మండుతున్నప్పుడు ప్రభుత్వం చేతులు కట్టుకుని కూర్చోవాలని నేను అనను. పట్టణాల్లోని పేదవాళ్లూ తినాలి. కానీ దారిలో ఉన్న లారీ మాటేమిటి? విదేశీ వాణిజ్య విధానం 1.05 పేరాలో, నిషేధానికి ముందే లెటర్ ఆఫ్ క్రెడిట్ (కొనేవాడి తరఫున బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) తెరిచిన ఒప్పందాలకు వెసులుబాటు ఉంది. అయితే 2022 సెప్టెంబరులో నూకల ఎగుమతిని నిషేధించినప్పుడు, ఆ వెసులుబాటు వర్తించదని నోటిఫికేషన్‌లోనే రాసి, అప్పటికే ఓడకెక్కించడం మొదలైన సరుకు వంటి కొన్నింటికే మినహాయింపు ఇచ్చారు. సరిహద్దు వ్యాపారంలో ఓడ ఉండదు, లారీ ఉంటుంది. చిన్న రైతు సంఘాలు అడగవలసింది ఇదీ: నిషేధం ఎప్పుడు వచ్చినా, ఆ రోజుకే బయలుదేరి వరుసలో నిలబడిన లారీలను దాటనిచ్చే వాక్యం ప్రతి నోటిఫికేషన్‌లోనూ ఉండాలి. నిషేధాలే వద్దని అడిగితే ఎవరూ వినరు, ఈ ఒక్క వాక్యానికి మాత్రం వినే చెవులున్నాయి.

ఇక సౌర మోటార్ల సంగతి. వ్యవసాయానికి సౌర విద్యుత్తు అందించడానికి కేంద్రం 2019లో తెచ్చిన పీఎం కుసుమ్ పథకంలో, గ్రిడ్‌కు కలపని విడి సౌర పంపుకు సాధారణంగా కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం ఇస్తే, మిగతా 40 శాతం రైతు భరించాలని, అందులో ఎక్కువ భాగం బ్యాంకు రుణంగా తీసుకోవచ్చని పెట్టారు. ఎక్కువ సంఘాలు ఈ శాతాలను పెంచమనే అడుగుతుంటాయి. నేను దీనితో ఏకీభవించను. కారణం చెబుతాను. 5 హెచ్‌పీ మోటారుకు సుమారు 4.8 కిలోవాట్ల ప్యానెళ్లు కావాలి. ఒక కిలోవాటు రోజుకు దాదాపు 4 యూనిట్లు ఇస్తుందనుకుంటే, ఆ ప్యానెళ్లు రోజుకు 19 యూనిట్లు ఇస్తాయి. పైరుకు నీరు అక్కరలేని రోజులు ఏడాదిలో 200 ఉన్నాయనుకోండి, ఆ రోజుల్లో వచ్చే 3,800 యూనిట్లు వృథా. అంత ఖరీదైన ఆస్తి సగం ఏడాదికి పైగా ఎండలో ఊరికే పడి ఉంటుంది.

గుజరాత్‌లోని ఖేడా జిల్లా ఢుండీ గ్రామంలో ఆరుగురు రైతులు సహకార సంఘంగా ఏర్పడి, అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ తోడ్పాటుతో తమ సౌర పంపులను గ్రిడ్‌కు కలిపి, మిగిలిన విద్యుత్తును యూనిట్ 4 రూపాయల 63 పైసలకు పంపిణీ సంస్థకు అమ్మే ఒప్పందం చేసుకున్నారు. మన లెక్కలోని 3,800 యూనిట్లను ఆ ధరకు అమ్మితే ఏడాదికి సుమారు 17,600 రూపాయలు. 3 రూపాయలకే అమ్మినా 11,400. రాయితీ ఒక్కసారే వస్తుంది, ఈ డబ్బు ఏటేటా వస్తుంది. ఇందులో మరో మేలూ ఉంది. ఎండ ఉచితం కదా అని బోరు ఆపకుండా నడిపితే భూగర్భజలం అడుగంటుతుంది. అమ్ముకునే దారి ఉన్న రైతు, తోడిన ప్రతి గంటా తన జేబులోంచి పోతోందని గ్రహిస్తాడు. అమ్ముకునే ఏర్పాటు లేకుండా సౌర మోటార్లను మాత్రమే పెంచమని అడగడం, నీరు లోతుకు పోయిన ప్రాంతాల్లో మన బోర్లను మనమే ఎండగట్టుకోవడం అవుతుంది.

వ్యవసాయ విద్యుత్తు ఉచితంగా అందే చోట లెక్క మారుతుంది, ఈ విషయం మీరు తప్పక ఆలోచించాలి. బిల్లే రాని రైతు 40 శాతం ఎందుకు పెడతాడు? అక్కడ ఆదా అయ్యేది ప్రభుత్వం పంపిణీ సంస్థకు ఏటా చెల్లించే సబ్సిడీ. కనుక అలాంటి చోట్ల రైతుకు ఖర్చు లేకుండా, వ్యవసాయ ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి మోటార్లకు కరెంటు తెచ్చే లైను) మొత్తానికీ సరిపోయే సౌర కేంద్రాన్ని సబ్‌స్టేషన్ దగ్గర పెట్టే పద్ధతిని అడగడం మేలు. కుసుమ్ పథకంలో దానికి చోటు కల్పించారు. పగటిపూట నిలకడైన కరెంటు రావడమే అక్కడి రైతుకు దక్కే లాభం. రాత్రి పూట మోటారు వేయడానికి వెళ్లి పాము కాటుకు గురైన కుటుంబాలను ఎరిగినవారికి అది చిన్న లాభమని అనిపించదు.

ధర ఎక్కడ నిర్ణయమవుతుందో చాలామందికి తెలియదు. అది మంత్రి గదిలో కాదు, రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలిలో నిర్ణయమవుతుంది. 2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం పంపిణీ సంస్థ తన టారిఫ్ (విద్యుత్ ధరల) దరఖాస్తును ప్రకటించాలి, మండలి ప్రజల సూచనలు, అభ్యంతరాలు పరిశీలించి 120 రోజుల్లోగా ఉత్తర్వు ఇవ్వాలి. అభ్యంతరం రాయడానికి వకీలు అక్కరలేదు. నేను మొదటిసారి ఒక బహిరంగ విచారణకు వెళ్లినప్పుడు పరిశ్రమల తరఫున లెక్కలతో వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు, రైతుల తరఫున మాట్లాడినవాళ్లం ముగ్గురమే. మాతో వచ్చిన ఒక పెద్దాయన తన వంతు రాగానే, "అయ్యా, మా బోరు కాడ మీటరు పెట్టారు. కరెంటు మేం వాడితే ఒక నంబరు పెరుగుతుంది, మేం పంపితే ఇంకో నంబరు పెరుగుతుంది. ఆ రెండో నంబరుకు డబ్బు ఏ నెలలో ఇస్తారో ఎక్కడా రాయలేదు" అన్నారు. హాలు ఒక్క క్షణం నిశ్శబ్దమైపోయింది. మేము ధర గురించి పది పేజీలు రాసుకెళ్లాం, చెల్లింపు తేదీ గురించి ఒక్క వాక్యం కూడా రాయలేదు. ఆయన మాటను అక్కడికక్కడే రాతపూర్వక అభ్యంతరంగా రాసి ఇచ్చాం. ఆ ఏడాది ఉత్తర్వులో ధర మేం అడిగినంత రాలేదు గానీ, ఎన్ని రోజుల్లోగా చెల్లించాలో మాత్రం వచ్చింది.

సరిహద్దు దగ్గర సౌర విద్యుత్తుతో నడిచే శీతల గది పెట్టిస్తే రెండు కోరికలూ కలుస్తాయి కదా అని మీ సంఘంలో ఎవరైనా అంటే, తొందరపడవద్దని చెప్పండి. మేమూ ఆ ఆలోచన చేశాం. ఆగిన లారీలోంచి బస్తాలు దింపి, గదిలో పెట్టి, మళ్లీ ఎక్కించడానికి అయ్యే కూలీ, పడే దెబ్బలు లెక్కేస్తే, వరుసను తగ్గించడమే చవక. పంట కోసిన ఊళ్లో, బండి ఎక్కేముందు సరుకు వేడి దించడానికైతే అలాంటి గది నిజంగా ఉపయోగపడుతుంది.

మీరు మొదట చేయవలసిన పని వినతిపత్రం రాయడం కాదు. మీ సభ్యులు పంపే ఒక్క పంటను ఎంచుకుని, పొలం నుంచి అవతలి గేటు దాకా ఎక్కడ ఎన్ని గంటలు ఆగిందో ఒక సీజన్ పాటు నోటుబుక్కులో రాయించండి. ఆగిన చోట ఏ ఉత్తర్వు ప్రకారం ఆపారో సమాచార హక్కు చట్టం కింద నకలు తీసుకోండి. సౌర మోటార్ల కోసం మీ పంపిణీ సంస్థ గత ఏడాది టారిఫ్ దరఖాస్తును తెచ్చి, వ్యవసాయ వినియోగం ఉన్న పేజీలను నలుగురు కూర్చుని చదవండి. చాలా పంపిణీ సంస్థలు నవంబరు చివరికల్లా కొత్త దరఖాస్తు వేస్తాయి. ఆ తరువాత పత్రికల్లో వచ్చే ప్రకటనలో అభ్యంతరాలకు ఆఖరు తేదీ ఉంటుంది, దాన్ని మాత్రం దాటిపోనివ్వకండి.