రక్షణ పొందిన తేదీ చెప్పలేకపోతే నిశ్చయత లేనట్టేనా?

విశ్వాసుల ఇంట్లో పుట్టానని, ఉజ్జీవ సభల్లో చాలాసార్లు చెయ్యెత్తానని, అయినా నిజంగా రక్షణ పొందానో లేదో తేలడం లేదని రాశారు. ఏ తేదీన మారారో చెప్పలేకపోవడమే మిమ్మల్ని ఎక్కువగా బాధిస్తున్నట్టుంది.

మాది జమ్మలమడుగు. లండన్ మిషన్ వారు 1822లో కడపలో మొదలుపెట్టిన సేవ నుంచి పుట్టి, 1947లో చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్‌ఐ)లో కలిసిన సంఘాల్లో మాదొకటి. పసితనంలోనే బాప్తిస్మం, కాస్త ఎదిగాక, ఆ విశ్వాసాన్ని సొంత నోటితో ఒప్పుకున్నప్పుడు బిషప్పుగారు తల మీద చేతులుంచి ఇచ్చిన కన్ఫర్మేషన్. ఇందులో ఏది నా ‘తేదీ’? కాలేజీ రోజుల్లో కూటాల్లో ఒక్కొక్కరే లేచి ఫలానా సంవత్సరం, ఫలానా నెల అని సాక్ష్యం చెబుతుంటే, నా వంతు రాకముందే చెప్పులు వెతుక్కునేవాడిని.

ఒకసారి మా ఇంట్లో జరిగిన కూటంలో ఎవరో మా అవ్వను అదే అడిగారు. ఆమె కొంగు సవరించుకుని, “నేను పుట్టిన తేదీయే ఎవరూ రాసిపెట్టలేదు నాయనా. ఆధార్ కార్డులో జనవరి 1 అని వాళ్లే వేసుకున్నారు. అంతమాత్రాన నేను పుట్టలేదంటావా?” అంది. అందరూ నవ్వారు. నాకు మాత్రం ముడి వీడింది.

పౌలుకు ఒక్కసారిగా మారిన దమస్కు దారి ఉంది, నిజమే. కానీ ఆయన శిష్యుడు తిమోతికి అలాంటి రోజు ఉన్నట్టు బైబిలులో కనబడదు. అవ్వ లోయి, తల్లి యునీకేల విశ్వాసం, చిన్ననాటి నుంచి తెలిసిన లేఖనాలు, అంతే. 1738 మే 24న మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ హృదయం వింతగా వెచ్చబడిందని సభల్లో చెబుతారు. అదే వెస్లీ 1766లో తమ్ముడు చార్లెస్‌కు రాసిన ఉత్తరంలో, తాను దేవుణ్ణి ఎన్నడూ ప్రేమించలేదని వాపోయిన సంగతి ఎవరూ చెప్పరు. ప్రొటెస్టంట్ సంఘాల్లో పేరున్న 1646 నాటి వెస్ట్‌మిన్‌స్టర్ విశ్వాస ప్రకటన కూడా నిజమైన విశ్వాసి నిశ్చయత కోసం చాలాకాలం ఎదురుచూడవలసి రావచ్చని ఒప్పుకుంటుంది. నమ్మడం వేరు, నమ్మానన్న ధీమా వేరు. మొదటిది ఉండి రెండోది లేనివారు సంఘంలో చాలామందే ఉంటారు, పైకి చెప్పరు.

యోహాను మొదటి పత్రిక ఒక్క కూర్చోవడంలో చదవండి, ఐదే అధ్యాయాలు. “మీరు నిత్యజీవముగలవారని తెలిసికొనునట్లు” రాస్తున్నానని ఆయనే చెప్పాడు. అందులో తేదీ అడగడు. క్రీస్తును ఒప్పుకుంటున్నావా, ఆయన మాట వింటున్నావా, సహోదరుణ్ణి ప్రేమిస్తున్నావా అని అడుగుతాడు. ఈ మూడోది కాస్త కష్టమే, ముఖ్యంగా ఆ సహోదరుడితో పొలం గట్టు తగాదా ఉన్నప్పుడు! మన హృదయం దోషారోపణ చేసినా దేవుడు దానికంటే అధికుడన్న మాట కూడా అక్కడే, మూడో అధ్యాయంలో ఉంది.

నిశ్చయత లేదని ప్రభురాత్రి భోజన సంస్కారం మానేయకండి. నేను మానలేదు. మోకాళ్లూని చేతులు చాపినప్పుడు అయ్యగారు “నీ కొరకు” అంటూ ఆ చిన్న రొట్టె ముక్కను అరచేతిలో పెడతారు. లోపల ఎంత తడబాటు ఉన్నా, ఆ మాట బయటి నుంచి వస్తుంది. నా మనసు ఆ రోజు ఎలా ఉందన్న దాని మీద అది ఆధారపడదు.

ఏదైనా ఒక పాపం దాచి ఉంచడం వల్ల ఈ సందేహం వస్తుంటే, నమ్మకమైన పాస్టరు దగ్గర చెప్పుకోండి. అలాంటిదేమీ లేకుండానే రాత్రిళ్లు నిద్రపట్టక, అదే ప్రార్థన పదేపదే చేయకపోతే భయం తగ్గని స్థితి ఉంటే మాత్రం డాక్టరును కూడా కలవండి. మందు వేసుకుంటే విశ్వాసం తక్కువైనట్టని ఎవరైనా అంటే వినిపించుకోకండి.