హిందీ మాతృభాష అయినవారికి ఇంగ్లీషు ‘యెట్’ ఎలా చెప్పాలి?

మీ ఆఫీసులో హిందీ మాట్లాడే సహోద్యోగి ఒకరున్నారని, ఇంగ్లీషు ‘యెట్’కు అర్థం, వాడుక ఆయనకు ఎలా విడమరచాలని మీరు అడిగారు. భోపాల్‌లో కోచింగ్ సెంటర్లకు పేరుపడ్డ ఎం.పి. నగర్‌లో కొన్నేళ్లు ఇంగ్లీషు చెప్పాను. బ్యాంకు పరీక్షలకు చదివే హిందీ మీడియం పిల్లలే ఎక్కువగా వచ్చేవారు. ఆ అనుభవంతో రాస్తున్నాను.

ముందుగా, నిఘంటువు తెరిచి ‘యెట్ అంటే అభీ తక్’ అని చెప్పి ఊరుకోకండి. ఆ అర్థం తప్పేమీ కాదు, చిక్కంతా ‘అభీ తక్’తోనే. ‘వో అభీ తక్ నహీఁ ఆయా’ అంటే అతను ఇంకా రాలేదని. ‘వో అభీ తక్ సో రహా హై’ అంటే ఇంకా నిద్రపోతున్నాడని. ‘అభీ తక్ తీన్ ఫారమ్ భరే హైఁ’ అంటే ఇప్పటివరకు మూడు ఫారాలు నింపామని. హిందీలో ఒకే మాటతో గడిచిపోయే ఈ మూడు చోట్లా ఇంగ్లీషుకు మూడు వేర్వేరు మాటలు కావాలి: వరసగా యెట్, స్టిల్, సో ఫార్. ఒక్క అర్థమే బట్టీపట్టిన పిల్లవాడు ‘హి ఈజ్ యెట్ స్లీపింగ్’ అంటాడు. మనం నవ్వనక్కర్లేదు. మన ‘ఇంకా’ కూడా మొదటి రెండు చోట్లా అదే మాట, పైగా ‘ఇంకా కాస్త అన్నం పెట్టు’ అనడానికీ అదే.

అందుకని ఇంగ్లీషు జోలికి పోకముందే హిందీ వాక్యాన్ని కదిపి చూడమనేదాన్ని. అందులో ‘నహీఁ’ ఉన్నా, అది పని అయిందా అని అడిగే ప్రశ్న అయినా యెట్ పెట్టాలి, సాధారణంగా వాక్యం చివర: ‘హి హ్యాజ్ నాట్ కమ్ యెట్’, ‘హ్యావ్ యూ ఈటెన్ యెట్?’ రెండూ కాకపోతే ‘అభీ తక్’ తీసేసి ‘అభీ భీ’ (ఇప్పటికీ) పెట్టి చూడాలి. ‘అభీ భీ సో రహా హై’ చక్కగా కుదురుతుంది, కాబట్టి స్టిల్. ఫారాల వాక్యంలో పెడితే చెప్పదలచిన మాట చెడిపోతుంది, కాబట్టి సో ఫార్. వ్యాకరణం పేరెత్తితేనే బెదిరిపోయే పిల్లలు కూడా ఇది ఇట్టే పట్టుకునేవారు, ఎందుకంటే పరీక్షించేది వాళ్ల సొంత భాషనే.

‘అభీ’కి నౌ, ‘తక్’కు టిల్ అని ముక్కలు చేసి ‘హి హ్యాజ్ నాట్ కమ్ టిల్ నౌ’ అనడం ఇంకో అలవాటు. మన దేశంలో ఎవరికైనా అర్థమవుతుంది. బయటి దేశంవారు మాత్రం ‘అయితే ఇప్పుడే వచ్చాడన్నమాట’ అనుకోవచ్చు.

‘డిడ్ నాట్ కమ్ యెట్’ అనడానికి కూడా మూలం హిందీలోనే ఉంది. ‘నహీఁ ఆయా హై’లో చివరి ‘హై’ తరచు రాలిపోతుంది. మిగిలిన ‘నహీఁ ఆయా’ అచ్చమైన భూతకాలంలా కనబడి డిడ్‌ను లాక్కొస్తుంది. అసలు హిందీలో ‘ఆయా’ అన్నంత మాత్రాన వచ్చినట్టు కాదు. భోపాల్ టీ కొట్టులో కుర్రవాడు ‘అభీ ఆయా’ అంటే ఇదిగో వస్తున్నానని అర్థం, టీ ఎప్పుడొస్తుందనేది వేరే సంగతి. అమెరికాలో మాటల్లో ‘డిడ్ యూ ఈట్ యెట్?’ మామూలే గాని, పరీక్ష రాసేవారు హ్యావ్, హ్యాజ్‌లతో వాడటమే క్షేమం.

నా లెక్కలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ‘యెట్ టు’. ఒక విద్యార్థి, వాళ్ల అన్నయ్య ట్రాక్టర్ రుణం గురించి బ్యాంకు నుంచి వచ్చిన సందేశాన్ని ఫోనులో చూపించాడు: ‘యువర్ లోన్ ఈజ్ యెట్ టు బీ శాంక్షన్డ్.’ ‘మేడమ్ జీ, హో గయా!’ అంటున్నాడు, మొహం వెలిగిపోతోంది. శాంక్షన్డ్ అని ఉంది, నాట్ ఎక్కడా లేదు, యెట్ అంటే అభీ తక్. మూడూ కలిపితే ఇప్పటికి మంజూరైపోయిందని తేల్చుకున్నాడు. అతన్ని ఏమనగలం? ‘కాదు’ అనే మాట ఒక్కటీ లేకుండానే ‘కాలేదు’ అని చెప్పే వాక్యం అది. బోర్డు మీద ‘మంజూర్ హోనా బాకీ హై’ అని రాశాను. ‘బాకీ’ చూడగానే అతని మొహం వాడిపోయింది, వెనక బెంచీల దాకా విషయం అర్థమైపోయింది. యెట్ వెనకే టు వస్తే ఆ పని బాకీ ఉందని ఆ రోజు నుంచి ప్రతి బ్యాచికీ మొదటి వారంలోనే చెప్పేదాన్ని. ‘ఫలితాలు ఇంకా వెలువడలేదు’ అనడానికి ఇంగ్లీషు పత్రికలు వాడే ‘యెట్ టు బీ డిక్లేర్డ్’ కూడా ఇదే, ఉద్యోగ పరీక్షల పిల్లలకు నిత్యం ఎదురయ్యేదే.

రెండు వాక్యాల నడుమ వచ్చే యెట్‌కు ‘ఫిర్ భీ’ (అయినా సరే) అని చెబితే చాలు, అక్కడ తడబడినవారిని నేను చూడలేదు. ‘యెట్ అనదర్’ అంటే ‘ఏక్ ఔర్’, చాలాసార్లు ‘మళ్లీ ఇంకొకటా’ అనే విసుగుతో కలిపి.

మీ సహోద్యోగి ఉత్తరాలు రాసే ఉద్యోగంలో ఉంటే మరొకటి కూడా చెప్పండి. ‘ఐ హ్యావ్ నాట్ రిసీవ్డ్ ద ఫైల్ యెట్’ అంటే ఫైలు ఇంకా అందలేదని మామూలుగా చెప్పడం. ‘ఐ స్టిల్ హ్యావ్ నాట్ రిసీవ్డ్ ద ఫైల్’ అంటే ఇన్నాళ్లయినా పంపలేదేమని నిలదీసినట్టు ఉంటుంది. హిందీలో ‘అభీ భీ నహీఁ మిలీ’ అని కాస్త గొంతు పెంచి అంటే ఎలా ఉంటుందో అలా. పైఅధికారికి రాసేటప్పుడు మొదటిది, రెండుసార్లు గుర్తుచేసినా ఉలకని సరఫరాదారుకు రెండోది.