అర్థం తెలిసినా వర్డ్ ఫామ్ ఎందుకు తప్పుతోంది?

హన్మకొండలో ఎస్‌ఎస్‌సీకి చదువుతున్నానని, సక్సెస్, సక్సీడ్, సక్సెస్‌ఫుల్, సక్సెస్‌ఫుల్లీ లాంటి వర్డ్ ఫామ్‌ల (ఒకే మాటకున్న వేర్వేరు రూపాల) జాబితాలన్నీ కంఠస్థమే అయినా ఖాళీ నింపేటప్పుడు తప్పుతోందని అడిగారు.

ఎక్కువ మార్కులు పోయేది మన "గా" దగ్గర. అందం, అందమైన, అందంగా అనే వరసకు బ్యూటీ, బ్యూటిఫుల్, బ్యూటిఫుల్లీ సరిగ్గా సరిపోతాయనిపిస్తుంది. మొదటి రెండూ సరే, మూడోది సగమే. "రామప్ప శిల్పాలు అందంగా ఉన్నాయి", "శిల్పులు అందంగా చెక్కారు" అని రెండు చోట్లా మనం ఒకే మాట వాడతాం. ఇంగ్లిషులో మొదటిదానికి బ్యూటిఫుల్, రెండోదానికి బ్యూటిఫుల్లీ. చెక్కడం ఒక పని, అది ఎలా జరిగిందో చెప్పాలంటే లీ కావాలి. "ఉన్నాయి" దగ్గర వర్ణన శిల్పాలకే చెందుతుంది, అందుకే విశేషణం. ఈజ్, ఆర్, వాజ్ తర్వాతే కాదు, సీమ్, ఫీల్, స్మెల్, టేస్ట్ తర్వాతా ఇంతే. కనిపించడం అనే అర్థంలో లుక్ కూడా వీటిలోదే: లుక్డ్ హ్యాపీ. అదే లుక్‌కు చూడటం అనే అర్థముంటే లుక్డ్ కేర్‌ఫుల్లీ.

రెండో గండం మనం రోజూ వాడే ఇంగ్లిషు మాటలే. "సక్సెస్ అయ్యాడు" అన్నప్పుడు క్రియ పనంతా "అయ్యాడు" చేసేస్తుంది. ఆ అలవాటుతోనే పేపర్ మీద "హి సక్సెస్డ్" పడుతుంది. సక్సెస్ నామవాచకం, క్రియ సక్సీడ్. "సెలెక్ట్ అయ్యాడు"కు హి వాజ్ సెలెక్టెడ్ రాయాలి. వాజ్ వదిలేస్తే అతనే ఎవరినో ఎంపిక చేశాడని అర్థం. విసుగొచ్చినవాడు బోర్డ్, విసుగు తెప్పించేది బోరింగ్.

లీ ఉన్నవన్నీ క్రియా విశేషణాలు కావు. విశేషణానికి లీ చేరితే సాధారణంగా క్రియా విశేషణం (క్విక్లీ), నామవాచకానికి చేరితే తరచుగా విశేషణం (ఫ్రెండ్లీ, కాస్ట్లీ). హార్డ్‌తో మాత్రం చాలా జాగ్రత్త. కష్టపడి పనిచేశాడనడానికి వర్క్డ్ హార్డ్ అనే రాయాలి. హార్డ్లీ వర్క్డ్ అంటే దాదాపు పనే చేయలేదని!

ఖాళీ ఎదురైతే ముందు ఆప్షన్లు చేత్తో మూసేసి అటూ ఇటూ చూడండి. ముందు ద, వెనక ఆఫ్ ఉంటే నామవాచకం. ముందు ఎ, వెనక నామవాచకం ఉంటే ఎక్కువగా విశేషణం. కెన్, విల్ తర్వాత క్రియ మూలరూపం, కాకపోతే మధ్యలో క్రియా విశేషణం దూరవచ్చు. అడ్వైస్, అడ్వైజ్‌లను పలుకుబడే పట్టిస్తుంది: "స్" వినిపిస్తే నామవాచకం, "జ్" అయితే క్రియ.

సాధనకు రోజుకు 5 మూలపదాలు చాలు. ఒక్కోదానికి నామవాచకం, క్రియ, విశేషణం, క్రియా విశేషణం అని నాలుగు గడులు గీసి, పదంతో ఆగకుండా ప్రతి గడిలో సొంత వాక్యం రాయండి. రూపం లేని గడిని ఖాళీగా వదలండి, కొత్తది పుట్టించకండి.

భాషాభాగం దొరికాక అర్థం కూడా సరిచూసుకోండి. డ్రైవర్ వల్ల ప్రమాదం జరిగిందనే వాక్యంలో కేర్‌ఫుల్, కేర్‌లెస్ రెండూ విశేషణాలే. అక్కడ తేల్చేది ప్రమాదం అన్న మాట.