లోపలి లైటు ఆరకపోతే ముందు తలుపులు చూడు

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

కారు తలుపులన్నీ వేసినా లోపలి లైటు ఆరడం లేదని, బల్బు మార్చినా అంతేనని రాశావు. వెలుగుతున్న బల్బులో తప్పేముంటుంది నాయనా? వెతకాల్సింది తలుపుల దగ్గర.

చాలా పాత కార్లలో బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజ్ మీదుగా 12 వోల్టులు ఎప్పుడూ బల్బు దాకా వచ్చి ఉంటాయి, తాళం చెవి తీసేసినా సరే. తలుపు తెరిస్తే డోర్ స్విచ్ బల్బు రెండో కొసను కారు బాడీకి, అంటే ఎర్త్‌కి కలుపుతుంది. మూస్తే విడదీస్తుంది. ఎక్కడో ఒకచోట ఆ ఎర్త్ విడిపోవడం లేదన్నమాట.

ముందు లైటు మీదున్న స్విచ్ చూడు. దానికి ఆన్, ఆఫ్, డోర్ అని మూడు స్థానాలుంటాయి. ఆన్‌లో ఉండిపోతే తలుపులతో పని లేకుండా వెలుగుతుంది. డోర్ స్థానంలోనే ఉంటే తలుపు తెరిచి, మూసినప్పుడు అది ఆనే కారు స్తంభం మీద చూడు, రబ్బరు టోపీ పెట్టుకున్న చిన్న పిన్ను కనిపిస్తుంది. ఆ టోపీ అరిగినా, చిరిగినా తలుపు దాన్ని పూర్తిగా నొక్కదు. నేను చూసినవాటిలో ఎక్కువసార్లు దొరికింది ఇదే. నీళ్లు దిగి లోపల తుప్పు పట్టినా ఎర్త్ కలిసిపోతుంది. ఒక్కో స్విచ్ స్క్రూ విప్పి వైరు తీసి, మిగతా తలుపులు మూసి చూడు. ఏది తీస్తే లైటు ఆరిందో అదే దొంగ. డిక్కీ స్విచ్‌ని కూడా మరిచిపోకు. వైరు లాగగానే దాని కొసకి టేపు చుట్టి స్తంభానికి అతికించు, లేకపోతే లోపలికి జారిపోతుంది. మళ్లీ పట్టుకోవడం నరకం.

కొత్త కార్లలో స్విచ్ తలుపు లాక్‌లోనే ఉంటుంది, లైటుని ఒక చిన్న కంప్యూటర్ నడుపుతుంది. అక్కడ తలుపు వేశాక కొన్ని సెకన్లు ఆగి మెల్లగా ఆరడం సహజమే, టెన్షన్ పడకు. ఆ కార్లలో వైర్లు మాత్రం కోయకు.

బాగయ్యేదాకా రాత్రిపూట లైటు స్విచ్ ఆఫ్‌లో పెట్టు. 10 వాట్ల బల్బు దాదాపు 0.8 ఆంపియర్లు తీసుకుంటుంది. 10 గంటల్లో 8 ఆంపియర్ అవర్ల చార్జి పోతుంది, 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో దాదాపు నాలుగో వంతు! పాత బ్యాటరీ అయితే తెల్లారి సెల్ఫ్ తీసుకోదు. ఎల్ఈడీ పెడితే కరెంటు ఖర్చు బాగా తగ్గుతుంది, వెలగకపోతే తిప్పి పెట్టు, దానికి ప్లస్ మైనస్ ఉంటాయి. ఫ్యూజ్ పోతే అదే ఆంపియర్‌ది పెట్టు, తీగ ముక్క పెట్టావో వైరింగ్ కాలుతుంది.

ఏ తలుపు దగ్గర దొరికిందో ఫోన్ చేసి చెప్పు.

మీ మామయ్య