హిందీ ‘కో’ ఉన్నచోటల్లా తెలుగులో ‘కి’ పెట్టొచ్చా?

తెలుగు నేర్చుకుంటున్న మీ ఉత్తరాది సహోద్యోగి ‘రవికి చూశాను’, ‘నాకు వెళ్ళాలి’, ‘సోమవారానికి మీటింగ్ ఉంది’ అంటున్నారని రాశారు. మూడు తప్పులకీ మూలం ఒక్కటే. ‘కో’ అంటే ‘కి’ అని ఎవరో చెప్పి వదిలేశారు. అది సగమే నిజం.

హిందీ ‘కో’ రెండు పనులు చేస్తుంది. ‘రవి కో దేఖా’, ‘రవి కో దియా’ రెండింటికీ అదే. మనకు చూడ్డానికి ‘ని’, ఇవ్వడానికి ‘కి’: రవిని చూశాను, రవికి ఇచ్చాను. పైగా ‘రవికి చూశాం’ అంటే మనవాళ్ళు పెళ్ళిసంబంధం అనుకుంటారు! ‘కిస్‌కో’ అని ప్రశ్న వేసుకుంటే ఆయనకు తేడా తెలియదు, ఎందుకంటే ‘ఎవర్ని’, ‘ఎవరికి’ రెండూ అందులోనే ఉన్నాయి. అందుకని క్రియను ప్రత్యయంతో కలిపే నేర్పండి. చూడు, పిలువు, కొట్టు, తిట్టు: వీటికి ‘ని’. ఇవ్వు, చెప్పు, పంపు, ఫోన్ చెయ్యి: వీటికి ‘కి’. అడుగు, కలువు విడిగా చెప్పాలి. హిందీలో వాటికి ‘సే’ వస్తుంది కాబట్టి ‘రవితో అడిగాను’ అనేస్తారు. రవిని అడిగాను, రవిని కలిశాను అనాలి.

ఆకలి, తెలియడం, నచ్చడం దగ్గర మాత్రం హిందీ అలవాటు అచ్చంగా పనికొస్తుంది. ముఝే (అంటే ‘ముఝ్‌కో’) మాలూమ్ హై, నాకు తెలుసు. ముఝే భూక్ లగీ హై, నాకు ఆకలేస్తోంది. ఆ ధైర్యంతోనే ‘ముఝే జానా హై’ని ‘నాకు వెళ్ళాలి’గా దించుతారు. బాధ్యత చెప్పే ‘ఆలి’ క్రియకు కర్త మామూలుగానే ఉంటుంది: నేను వెళ్ళాలి. ‘నాకు’ కావాలంటే ‘నాకు వెళ్ళాలని ఉంది’ అనాలి. అది కోరిక, బాధ్యత కాదు. సెలవు అడిగేటప్పుడు ఈ తేడా బాగా పట్టింపుకొస్తుంది.

కాలం దగ్గర రెండు భాషలూ అడ్డం తిరుగుతాయి. ‘పాంచ్ బజే’కి హిందీలో ఏమీ అక్కర్లేదు, మనకు ‘ఐదింటికి’ కావాలి. ‘సోమ్‌వార్ కో’ అంటే మనకు వట్టి ‘సోమవారం’. ‘సోమవారానికి ఇస్తాను’ అంటే గడువు: ఆ రోజుకల్లా పని అయిపోతుందని. మీటింగ్‌కి గడువు లేదు కాబట్టే ఆయన వాక్యం ఎబ్బెట్టుగా ఉంది.

‘ఘర్ జావో’ అలవాటుతో ‘ఇల్లు వెళ్ళాను’ కూడా వస్తుంది. ఊరి పేరైతే ‘హైదరాబాద్ వెళ్ళాను’ చెల్లిపోతుంది, ఇల్లు మాత్రం చెల్లదు. కిలోకి ఎంత, రోజుకి రెండుసార్లు, ఎండకి వాడిపోయింది: వీటిలో హిందీలో ‘కో’ ఉండదు, ఉన్నవి ఉన్నట్టు బట్టీ పట్టించండి.

ఇక రూపం. ‘ఇల్లుకి’, ‘పుస్తకంకి’ అంటున్నారంటే ‘కి’కి ముందు మాట మారుతుందని ఎవరూ చెప్పలేదన్నమాట. ఇంటికి, పుస్తకానికి, చేతికి, పిల్లలకి. కి, కు తేడాతో మొదట్లో తలనొప్పి వద్దు. గ్రాంథిక నియమం ప్రకారం ఇ, ఈ, ఐ చివరనుంటే ‘కి’, మిగతా చోట్ల ‘కు’. వాడుకలో అమ్మకి, అమ్మకు రెండూ వినిపిస్తాయి. మన బడి పుస్తకంలో విభక్తుల పట్టిక చూపిస్తే ఇంకా గందరగోళపడతారు. అందులో కి, కు షష్ఠిలో ‘యొక్క’ పక్కన కూర్చుంటాయి మరి!

హైదరాబాద్‌లో ఉంటే ఇంకో చిక్కు: దక్కనీలో, అంటే ఇక్కడి ఉర్దూలో, ‘కో’ కాస్తా ‘కు’ అయి ‘మేరెకు మాలూమ్’ అంటారు, అది మన ‘కు’లాగే వినిపిస్తుంది. తమిళులకూ కన్నడిగులకూ ‘ని’, ‘కి’ తేడా ఇంత బాధించదు. వాళ్ళ భాషల్లో ఆ రెండూ వేరే ఉన్నాయి. ‘ఎనక్కు తెరియుం’, ‘ననగె గొత్తు’ కూడా నేరుగా ‘నాకు తెలుసు’కి సరిపోతాయి. మలయాళీతో మాత్రం జాగ్రత్త. ‘ఎనిక్కు పోగణం’ అక్కడ సరైన వాక్యమే, దాన్ని దించితే మళ్ళీ ‘నాకు వెళ్ళాలి’ వస్తుంది.