మూడేళ్ల ఫీజు ఒకేసారి కట్టేముందు

ప్రశ్న: మా పిల్లలిద్దరినీ (12, 8 ఏళ్లు) బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తున్నాం. ఇందుకోసం రెండేళ్ల క్రితం నేను ఉద్యోగం మానేశాను. ఇప్పుడు ఇంటికి నా భర్త జీతమొక్కటే ఆధారం. ఒక ఆన్‌లైన్ తరగతుల సంస్థ, ఇద్దరికీ అన్ని సబ్జెక్టులకూ మూడేళ్ల ఫీజు ఒకేసారి కడితే 40 శాతం రాయితీ ఇస్తామంటోంది. చేతిలో డబ్బు లేకపోతే వడ్డీ లేని వాయిదాలు ఏర్పాటు చేస్తారట. కట్టమంటారా?

జవాబు: కట్టవద్దు. ఆన్‌లైన్ తరగతులు పనికిరావని నేను అనడం లేదు. ఎనిమిదేళ్ల పిల్లకూ పన్నెండేళ్ల పిల్లకూ ఒకే కొలతతో, అన్ని సబ్జెక్టులూ కలిపి, మూడేళ్లకు కొనడమే నాకు అభ్యంతరం.

మీ ఇంటి చదువులో అతి పెద్ద ఖర్చు మీరు రాసిన ఫీజుల లెక్కలో ఎక్కడా లేదు. అది మీరు వదులుకున్న జీతం. అందుచేత ఏ తరగతినైనా ఎంచేటప్పుడు, దాని ఫీజు ఎంత అన్నదానితో పాటు అది వారానికి మీకు ఎన్ని గంటలు మిగులుస్తుంది అన్నది కూడా చూడాలి. ఉదాహరణకు, ఉపాధ్యాయుడు ఆన్‌లైన్‌లో అప్పటికప్పుడు చెప్పే ప్రత్యక్ష (లైవ్) తరగతిలో పెద్దపిల్ల బీజగణితం నేర్చుకుంటే, ఆ తరగతి సమయమే కాక, మరచిపోయిన పాఠాన్ని ముందురోజు రాత్రి మళ్లీ చదువుకొని సిద్ధమయ్యే మీ సమయం కూడా మిగులుతుంది. అలా మిగిలిన గంటల్లో ఇంటి నుంచే ఏదైనా పని చేసి మీరు సంపాదించేది ఫీజుకు మించితే, ఆ తరగతి ఖర్చును అదే భరించినట్టు లెక్క. ఎనిమిదేళ్ల పిల్లకు రికార్డు చేసిన పాఠాలు కొంటే మాత్రం మీరు పక్కన కూర్చోక తప్పదు, వీడియో ఆపి ప్రశ్నలు అడగకా తప్పదు. అక్కడ డబ్బూ పోతుంది, సమయమూ మిగలదు. చిన్నపిల్లకు ఇంకొన్నాళ్లు మీరే చెప్పండి. సాధన కోసం ఖాన్ అకాడమీ వంటి ఆన్‌లైన్ వేదికలు ఉచితంగా దొరుకుతాయి. 2008లో మొదలైన ఖాన్ అకాడమీ లాభాపేక్ష లేనిది; అక్కడి పాఠాలకూ అభ్యాసాలకూ చందా గొడవ ఉండదు.

ఇక రాయితీ సంగతి. 36 నెలల ఫీజులో 40 శాతం తగ్గిస్తే మీరు కట్టేది 21.6 నెలల ఫీజుతో సమానం. అంటే పిల్లలు కనీసం 22 నెలలు ఆ తరగతులను నిజంగా వాడుకుంటేనే, నెలనెలా కట్టడం కన్నా ఇది చవక. ఏడాదికే విసుగొచ్చి మానేస్తే దాదాపు పది నెలల ఫీజు వృథా అవుతుంది. ఆ వయసులో పిల్లల అభిరుచులు మూడేళ్లపాటు మారకుండా ఉంటాయని పందెం కాయమంటే నేనైతే కాయను.

వడ్డీ లేని వాయిదాలు అన్న మాట దగ్గర మరింత జాగ్రత్త అవసరం. ఇలాంటి ఏర్పాట్లలో సాధారణంగా ఒక రుణదాత మీ పేరిట అప్పు మంజూరు చేసి, మొత్తాన్ని ముందే సంస్థకు చెల్లిస్తాడు. వాయిదాలు మీరు ఆ రుణదాతకు కడతారు. తరగతులు నచ్చక మానేసినా, సంస్థే మూతపడినా అప్పు అప్పుగానే నిలిచే ప్రమాదం ఉంది.

ఆ డబ్బుకు మరో అవసరం కూడా ముందుంది. ఇంట్లో చదివిన పిల్లలు గుర్తింపు ఉన్న పరీక్షను ప్రైవేటు అభ్యర్థులుగా రాయవలసి వచ్చినప్పుడు, బోర్డు ఫీజుకు అదనంగా పరీక్షా కేంద్రం తన సొంత రుసుము కూడా వసూలు చేయవచ్చు. విజ్ఞానశాస్త్రంలో ప్రయోగ పరీక్షకు ప్రయోగశాల కావాలి. కేంబ్రిడ్జి ఐజీసీఎస్ఈ (పదో తరగతి స్థాయి అంతర్జాతీయ పరీక్ష) వంటి కొన్నిటిలో దానికి బదులుగా రాతపరీక్ష ఉంటుంది. మీ దేశంలో చట్టం ఏమంటుందో, ఏ పరీక్షకు గుర్తింపు ఉందో ముందు తేల్చుకోండి. పెద్దపిల్ల పరీక్షకు నాలుగేళ్లు ఉందనుకుంటే, అయ్యే మొత్తాన్ని 48తో భాగించి నెలనెలా పక్కన పెట్టండి. కంప్యూటర్ మార్చడానికి అయ్యే ఖర్చుకూ ఇదే పద్ధతి.

ఒక్క జీతం మీద నడిచే ఇల్లు కాబట్టి, కనీసం ఆరు నెలల ఖర్చులకు సరిపడే అత్యవసర నిధి, మీ భర్త పేరిట తగినంత టర్మ్ బీమా (గడువులోగా ఆయనకు ఏమైనా అయితే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) లేకపోతే, ఏ తరగతికైనా డబ్బు కట్టేముందు ఆ రెండూ సమకూర్చుకోండి.

ఆ తరువాత పెద్దపిల్లకు, మీరు చెప్పలేని ఒకటి రెండు సబ్జెక్టుల్లో మాత్రమే, నెలవారీగానో మూడు నెలలకోసారో కట్టే పద్ధతిలో చేర్చండి. తరగతి వేరే దేశం నుంచి జరిగేదైతే వేళలు సరిచూసుకోండి; కొన్ని దేశాల్లో గడియారాన్ని ఏడాదికి రెండుసార్లు మారుస్తారు, మీ పని గంటలు వాటితో పాటు కదలవు. మధ్యలో మానేస్తే ఎంత వాపసు ఇస్తారు, ఉపాధ్యాయుడు మారితే ఏం చేస్తారు, చందా దానంతటదే కొనసాగుతుందా అన్న మూడింటికీ జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. నెలవారీ చెల్లింపుకు ఈ సంస్థ ఒప్పుకోకపోతే, ఒప్పుకునే మరో సంస్థను వెతకండి.